కోతపండుగ నాటి పంక్తి



శెనక్కాయ చెట్లు పీకి, కాయలు వేరుచేసి, మిద్దెల మీద ఆరవేయు కాలమున పలమనేరు, పుంగనూరు, మదనపల్లె తట్టున నడచిపోవువారికి దారి పొడుగునను పచ్చికాయల వాసన తగులును. రాగిచేలు కంకులు వంచుకొని నిలిచియుండును. చిత్తూరు దిక్కున చెరకు ఎదిగి గానుగ కొరకు కనిపెట్టుకొని యుండును. ఆశ్వయుజ కార్తిక మాసములలో వచ్చు వాన చెరువులు నింపినయెడల మన రైతు ముఖము ఒక రీతిగాను, నింపనియెడల మరియొక రీతిగాను ఉండును. మన పొరుగువారు పెరటాసి శనివారములు గడపి, దసరా చేసికొని, దీపావళికి సిద్ధపడు కాలమది. ఆ కాలముననే మన సంఘములలో కోతపండుగ మాట మొదలగును.

ఈ పండుగ తేదీ పంచాంగములో లేదు. శెనక్కాయ ఊళ్లలో అక్టోబరు నవంబరులలో చేయుదురు. రాగి ఊళ్లలో ఇంకను రెండు మూడు వారములు ఆగుదురు. వరి పండు పల్లపు ఊళ్లవారు సంక్రాంతి దాటనిత్తురు. పొలము ఎప్పుడు చెప్పిన అప్పుడే పండుగ.

శనివారము సాయంకాలమున పడుచువారు చెరకు గడలు, అరటి కంబములు, మామిడి ఆకులు తెచ్చి గుడికి కట్టుదురు. ఆదివారము తెల్లవారగనే తలల మీద గంపలతో, చేటలతో స్త్రీలు ముందు, పురుషులు వెనుక పాడుచు వత్తురు. బల్ల యెదుట గుమ్మడికాయలు, అనపకాయలు, రాగుల మూటలు, బెల్లపు ముద్దలు, కందులు, ఉలవలు, టెంకాయలు, గ్రుడ్లు కుప్ప పడును. ఎవరో ఒకరు కాళ్లు కట్టిన కోడిపుంజును తెత్తురు. ప్రసంగము మధ్య అది కూయక మానదు. సంఘకాపరి ప్రసంగము కంటె ఆ పుంజు ప్రసంగమే పిల్లలకు చిరకాలము జ్ఞాపకముండునని చెప్పినచో మన అయ్యగార్లు నన్ను క్షమింతురు గాక. ఆరాధన ముగిసిన తరువాత చింతచెట్టు క్రింద వేలము. 'ఒకటో సారి, రెండో సారి' అని పెద్దమనుష్యుడు కేక వేయగా పది రూపాయల గుమ్మడికాయ వంద రూపాయలకు పోవును. ఆ తరువాత విందు. రాగిసంగటి, కోడిపులుసు, ఊరుబిండి, కలిగినవారి ఊరయినచో ఓళిగలు. పట్టణములలో కాపురమున్న బిడ్డలు వత్తురు, ఇచ్చిన ఆడపిల్లలు మనుమలతో వత్తురు, ఇరుగుపొరుగు స్నేహితులు వత్తురు. క్రిస్మసునకు రాలేనివారు కూడ ఈ దినమునకు వచ్చుట నేను చూచితిని.

కొంతకాలము క్రిందట ఇట్టి విందులో నా ప్రక్కన కూర్చున్న కాలేజీ కుర్రవాడొకడు, "అన్నా, ఇది తెల్లదొరల పండగే కదా, మనమెందుకు చేస్తా ఉండాము?" అని అడిగెను. వాడు వెక్కిరించుటకు అడగలేదు. ఆ దినమున నోట సంగటి ముద్ద ఉండుటచేత నేను సరిగా జవాబు చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పెదను.

వాని మాటలో కొంత నిజము లేకపోలేదు. 1863వ సంవత్సరము అక్టోబరు 3న అమెరికా అధ్యక్షుడు అబ్రాహాము లింకను, ఆ దేశము అన్నదమ్ముల యుద్ధములో చీలి రక్తము కారుచుండగా, నవంబరు కడపటి గురువారమును దేశమంతయు కృతజ్ఞతాదినముగా ఆచరింపవలెనని ప్రకటన చేసెను. ఆ 1863లోనే జేకబ్ చేంబర్లేను అను అమెరికా వైద్య మిషనెరీ మదనపల్లెలో కాపురము పెట్టెను. ఆయన రిఫార్మ్‌డు సంఘమువారి ఆర్కాటు మిషనుకు చెందినవాడు. స్కడ్డరు సహోదరులు ముగ్గురు, అనగా హెన్రీ మార్టిను, విలియము, జోసెఫు అనువారు, 1853లో ఆ మిషనును స్థాపించిరి. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోని ఊరు. చిత్తూరు ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు గదా ఈ రెండును ఒక జిల్లాలోనికి వచ్చినవి! చేంబర్లేను దొరగారు ఆ సంవత్సరమే ఎడ్లబండ్ల మీద హైదరాబాదు రాజ్యము గుండ గోదావరి దాక పెద్ద ప్రయాణము చేసి వచ్చెను. తెలుగు బైబిలు సవరణ పనిలో చాలకాలము కష్టపడి, 1908లో మదనపల్లెలోనే కన్నుమూసెను.

అమెరికావారు ఆ పండుగకు మూలము 1621 అని చెప్పుదురు. అంతకు ముందటి సంవత్సరము మేఫ్లవర్ అను ఓడలో 102 మంది ప్రయాణికులు ఇంగ్లాండు నుండి వచ్చి ప్లిమతు అను చోట దిగిరి. మొదటి చలికాలములోనే వారిలో సగముమంది చనిపోయిరి. మిగిలినవారికి ఆ దేశపు ఆదివాసి యొకడు, టిస్క్వాంటము అనువాడు, మొక్కజొన్న నాటు విధము నేర్పెను. శరత్కాలమున పంట చేతికి వచ్చినప్పుడు సుమారు 50 మంది వలసవారు విందు చేసికొనగా, మాససోయిట్ అను వాంపనోగు నాయకుడు తన వారిని 90 మందిని వెంటబెట్టుకొని వచ్చి, ఐదు జింకలను వేటాడి తెచ్చి, మూడు దినములు వారితో కలిసి భుజించెను. ఈ కథను ఇంతటితో ముగించుట అక్కడివారి వాడుక. కాని చరిత్ర అంతటితో ముగియలేదు. 1675లో వలసవారికిని ఆదివాసులకును ఘోరయుద్ధము పుట్టెను. మాససోయిట్ కుమారుడు మెటకోము 1676లో చంపబడెను. విందుకు జింకలు తెచ్చినవారి పిల్లలకు ఆ భూమిలో నిలువ నీడ కరవయ్యెను. కలిసి తినుట సుళువు. ఎవరి ఇంట ఎవరు అతిథులో జ్ఞాపకముంచుకొనుట కష్టము.

తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు పండుగ వచ్చిన త్రోవ వేరు. అక్కడికి జర్మనీలోని హెర్మన్స్‌బర్గు మిషనువారు వచ్చిరి. లూయీ హార్మ్స్ అను పల్లెటూరి పాదిరి 1849లో స్థాపించిన మిషను అది. రైతుబిడ్డలనే మిషనెరీలుగా తర్ఫీదు చేసి పంపుట దాని విశేషము. ఆగస్టు మీలియస్ అనునాయన 1865లో సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టెను. జర్మను పల్లెలలో సాధారణముగా అక్టోబరు మొదటి ఆదివారమున పంటకు కృతజ్ఞతా ఆరాధన జరుగును. బల్ల మీద గోధుమ పనలు, ఆపిలు పండ్లు పెట్టుదురు. అక్టోబరు మొదటి ఆదివారమున తిరుపతి చుట్టుప్రక్కల వరి ఇంకను పచ్చగా నిలిచియుండును గదా! దొరల పంచాంగము మన మడిలో పారలేదు. 1914లో మొదలైన యుద్ధము వలన జర్మను మిషనెరీలు ఈ దేశము విడువవలసివచ్చెను. అమెరికాలోని ఒహాయో లూథరను సంఘమువారు ఆ పని చేపట్టిరి. ఈనాడు దక్షిణ ఆంధ్ర లూథరను సంఘమని మనము ఎరిగినది ఆ చెట్టు కొమ్మయే. ఇంగ్లాండు దేశములో సయితము ఈ పండుగను గుడిలో చేయుట మరీ పాతది కాదు. 1843లో కార్న్‌వాలు సముద్రపుటొడ్డున మోర్వెన్‌స్టో అను ఊరి పాదిరి రాబర్టు హాకరు, క్రొత్త పంట రొట్టెను ప్రభురాత్రి భోజనమునకు వాడుదము రండని తన సంఘస్థులను పిలిచెను. అక్కడనుండి అది వ్యాపించెను.

ఇవన్నియు తెల్లవారి త్రోవలే. వీటన్నిటికంటె మునుపు ఇశ్రాయేలీయుల పర్ణశాలల పండుగ ఉన్నది. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయము తీసి చూడుడి. కళ్లములోను ద్రాక్షగానుగలోను పని ముగిసిన తరువాత ఏడు దినములు పండుగ చేయవలెనని అక్కడున్నది. ఎవరెవరు సంతోషింపవలెనో కూడ లెక్క ఇయ్యబడినది. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు. ఆ లెక్కలో ఇంటివారికంటె ఇంటి బయటివారే ఎక్కువమంది ఉన్నారని మీరు ఎప్పుడైన గమనించితిరా?

అయితే ఆ కుర్రవానికి నేను చెప్పదలచిన అసలు జవాబు ఇంకను రాలేదు. అది మన కళ్లములలో ఉన్నది.

మన సంఘములలో మొదట చేరినవారు ఎవరు? కొందరు భూమిగలవారును లేకపోలేదు గాని, ఎక్కువమంది మాలపల్లెల, మాదిగపల్లెల వారు. వారు దున్నిరి, నాటిరి, కోసిరి, నూర్చిరి. కళ్లములో రాశి పడినప్పుడు మాత్రము అది వారిది కాదు. వెట్టివాడు, తోటివాడు, చెప్పులు కుట్టువాడు, కపిల తోలునకు బొక్కెన కుట్టువాడు, వీరందరికి రైతు కళ్లము దగ్గర కొలిచి పోయు గింజలకు మేర అని పేరు. రాశి చుట్టు నిలిచి, ఒడి పట్టి, పోసినంత పోయించుకొని పోవలెను. ఎక్కువ అడుగుటకు నోరు రాదు. కళ్లము అడుగున మన్నుతో కలిసిన గింజలు ఊడ్చుకొనుట ఒక హక్కు. కోసిన చేనిలో పరిగె ఏరుకొనుట ఒక హక్కు. శెనక్కాయ చేలలో చెట్లు పీకిన తరువాత మన్నులో మిగిలిన కాయలను మా అమ్మ కొంకి పట్టుకొని త్రవ్వుకొని తెచ్చుట నాకు తెలియును. మధ్యాహ్నమంతయు త్రవ్విన ఒక చేటెడు వచ్చును. రూతు గ్రంథములో పరిగె మాట చదివినప్పుడు మన స్త్రీలకు వ్యాఖ్యానము అక్కరలేదు.

ఇట్టివారికి కోతపండుగ ఎట్లు వచ్చును? కోత వారిది, పంట ఒకరిది. ఇది ఆలోచింపవలసిన సంగతి.

పెద్ద కరువు కథ ఇక్కడ చెప్పక తప్పదు. ధాత సంవత్సరము, ఈశ్వర సంవత్సరము, అనగా 1876 మొదలు 1878 వరకు. 1876లో రెండు వానలును తప్పెను. కడప, కర్నూలు, బళ్లారి, ఉత్తరార్కాటు జిల్లాలు మాడిపోయెను. చెన్నపట్టణపు రాజధానిలో చనిపోయినవారు లక్షలు గదా, లక్షలు కూడ పదుల లెక్కలో. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టను గొప్ప దర్బారు చేసి, విక్టోరియా రాణిని హిందూదేశ చక్రవర్తినిగా చాటించెను. రాజులు, నవాబులు, వారి పరివారములు, వారమంతయు విందులు. ఆ నెలలోనే సర్ రిచర్డు టెంపులు అను అధికారి దక్షిణదేశమునకు వచ్చి, కరువుపనిలో రాళ్లు కొట్టు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును కొద్ది చిల్లరయు చాలునని ఏర్పాటు చేసెను. ఒక పౌను అనగా అర కిలోకు తక్కువ. చెన్నపట్టణపు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు ఇది మనిషిని చంపు కూలియని ఎదురు వ్రాసెను. కొన్ని నెలల తరువాత కూలి పెంచిరి గాని అంతలో ఎందరో దారులలో పడిపోయిరి. వేలూరిలో మిషను బంగళా యెదుట ఆకలిగొన్న పిల్లలు నిలువగా, ఆరేడేండ్ల దొరసాని బిడ్డ యొకతె తన చేతి రొట్టె విరిచి పంచెనని ఆమె జీవితచరిత్రలో చెప్పుదురు. స్కడ్డరు వంశపు బిడ్డయైన ఐడా ఆమెయే. పెద్దదై వేలూరి ఆసుపత్రిని స్థాపించెను.

కరువు తీరిన తరువాత తెలుగుదేశమంతట పల్లెలకు పల్లెలే సంఘములో చేరెను. ఒంగోలులో క్లౌగు దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్లు గుత్తకు తీసికొని పేదలకు పని కల్పించెను. కూలి కొరకు బాప్తిస్మము పొందిరను మాట రాకుండునట్లు ఆ కాలమంతయు బాప్తిస్మములు నిలిపివేసి, 1878 జూలై 3న ఒక్క దినమందే 2,222 మందికి బాప్తిస్మములు ఇప్పించెను. అంత జాగ్రత్తపడినను లోకము మాట ఆగెనా? 'బియ్యపు క్రైస్తవులు' అని పేరు పెట్టిరి. తెల్లవారు పెట్టిన గంజికి మతము మార్చుకొనిరని నవ్విరి. ఆ పేరు మా తాతల వీపుమీద వాతవలె నిలిచెను. నా చిన్నతనమున సయితము బడిలో ఒకరు నన్ను ఆ మాట అనిరి. ఎవరనినది చెప్పను, వారిప్పుడు లేరు.

ఆ పేరు పడినవారే గుడికి బియ్యము తెచ్చిరి! మన గృహిణులు పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యమో రాగులో కొలుచుకొన్న తరువాత అందులోనుండి ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేసిరి. పూటకు ఒక పిడికెడు. నలుగురు తిను ఇంట ఒక పిడికెడు తీసినచో ఎవరి వంతు తగ్గునో తల్లికి తెలియును. తగ్గునది ఎప్పుడును ఆమె వంతే. వారాంతమున ఆ కుండ గుడికి వచ్చెను. సంవత్సరాంతమున కోతపండుగకు గంప వచ్చెను. మేరగా ఒడిలో పోయించుకొనిన గింజలలోనుండి, పరిగెగా ఏరుకొనిన కాయలలోనుండి ఆ గంప నిండెను. సంవత్సరమునకు మున్నూట అరువదినాలుగు దినములు ఒకరి కళ్లము దగ్గర ఒడి పట్టి నిలిచినవాడు, ఒక్క దినమున గంప ఎత్తుకొని తలయెత్తి నడచివచ్చి, తానే పెట్టువాడాయెను. ఈ పండుగ తెల్లవారు తెచ్చినదే యనుకొందము. ఈ గంపను మాత్రము వారు తేలేదు, తమ్ముడా.

విందు సంగతి వేరు. అది గంపకంటె కష్టమైనది.

మన దేశములో ఎవరితో కూర్చుండి తిందుమో అదే మన కులము. మిషనెరీలు దీనిని త్వరగానే కనిపెట్టిరి. 1847లో మధురలోని అమెరికా మిషనువారు తమ పనివారిని, సంఘస్థులను ప్రేమవిందునకు పిలిచి, అందరును కలిసి తినవలెననిరి. బాప్తిస్మమునకు ఒప్పుకొనినవారు, బైబిలు బోధించువారు, ఉపదేశులు సయితము ఆ పంక్తిలో కూర్చుండుటకు ఒప్పుకొనక అనేకులు విడిచిపోయిరి. విశ్వాసప్రమాణము కంఠస్థముగా చెప్పగలవారే! నాలుక ఒప్పుకొనినదానిని చెయ్యి ఒప్పుకొనలేదు. ఆర్కాటు మిషనువారును సంఘములో కులము పాటింపరాదని గట్టిగా ఉండిరి. అయినను మన తట్టున ఇది ఒక తరములో తీరలేదు. మాలల గుడి, మాదిగల గుడి అని ఒకే ఊరిలో రెండు గుళ్లు కట్టుకొనిన చోట్లు మీకును తెలియును. బయటివారు మనలను దూరముంచిరని ఏడ్చిన నోటితోనే మనము మన తమ్ములను దూరముంచితిమి. దీనిని గురించి మన పత్రికలలో ఎక్కువ వ్రాయరు. 1947 సెప్టెంబరు 27న చెన్నపట్టణపు సెయింట్ జార్జి దేవాలయములో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి, ఆంగ్లికనులును మెథడిస్టులును ప్రెస్బిటేరియనులును కాంగ్రిగేషనలువారును ఒకటి కాగలిగిరి. పల్లె చివరనున్న రెండు గుళ్లను ఒకటి చేయుట దానికంటె బరువైన పని.

కోతపండుగ ఈ విషయములో మేలు చేసెనని నేను చెప్పగలను. ఏలయనగా గంపలు ఒకటే కుప్పగా పోసిన తరువాత ఎవరి రాగులు ఎవరివో చెప్పుటకు వీలు లేదు. సంగటి ముద్దకు కులము గుర్తు పెట్టలేము.

వేలమును గురించి ఒక మాట. వేలము మంచిదే. గుడికి సున్నము, ఉపదేశికి జీతము దానినుండియే వచ్చిన దినములున్నవి. కాని ఇప్పుడు కొన్ని చోట్ల అది పట్టణమునుండి వచ్చిన బంధువులు తమ కలిమి చూపుకొను ఆటయైనది. ఒకసారి ఒక ముసలాయన తన పెరటి గుమ్మడికాయను తానే కొనుక్కొని ఇంటికి తీసికొనిపోవలెనని ఆశపడి, మూటలోని నాణెములు లెక్కించుకొని నిలిచెను. ఆ పాదు ఆయన చనిపోయిన భార్య వేసినదట. అవతల ఇద్దరు బావమరదులు పంతము పట్టి, ఫోను చేత పట్టుకొని, ఆ కాయను అయిదు వందలు దాటించిరి. అందరును చప్పట్లు కొట్టిరి. నేనును కొట్టితిని. ఆయన నాణెములు మరల మూట కట్టుకొనుట తరువాత చూచితిని.

కడపట ఒక్క సంవత్సరపు సంగతి చెప్పి విడిచెదను.

అది 2002. నైరుతి ఋతుపవనము దేశమంతట తప్పిన సంవత్సరము. మా ఊరిలో శెనక్కాయ విత్తినవారు సగమే, విత్తినవారికి చెట్టు మిగిలెను గాని కాయ మిగలలేదు. బావులలో అడుగు కనబడెను. పశువులను సంతకు తోలిరి. అక్టోబరు చివర సంఘపెద్దలు కూడి, 'ఈ ఏడు కోతపండుగ వద్దు, కోత లేనిది పండుగేమి' అనిరి. సరియైన మాటయే. హబక్కూకు ప్రవక్త గ్రంథపు కడపటి మాటలు, అనగా అంజూరపు చెట్టు పూయకపోయినను, శాలలో పశువులు లేకపోయినను ఆనందింతునని చెప్పిన మాటలు, మా అయ్యగారు ఎత్తిచూపగా ఒక పెద్ద, "ప్రవక్తకు పెండ్లాం బిడ్డలు ఉండారా అయ్యా?" అని అడిగెను. ఎవరును నవ్వలేదు.

అప్పుడు గోడ ప్రక్కన కూర్చున్న ఒక అవ్వ, "కోత లేకుంటే కోడి కొయ్యబాకండి. కుచ్చోని అంబలి తాగేదానికేం?" అనెను. ఆమెకు భూమి లేదు. కొడుకు బెంగళూరులో మట్టిపనికి పోయియుండెను. అంతటితో పండుగ నిశ్చయమాయెను.

ఆ ఆదివారము చెరకు గడలు లేవు, వేలము లేదు. బల్ల యెదుట ఏడో ఎనిమిదో చేటలు. చింతపండు, ఎండిన అనపగింజలు, ఒక సీసాలో ఆముదము. ఒకరు విత్తుటకు దాచి, వాన రాక విత్తలేకపోయిన శెనక్కాయలు తెచ్చిరి. విత్తనము కానుకగా తీసికొనవచ్చునా అని పెద్దలలో వాదము పుట్టగా, అయ్యగారు ప్రార్థించి వాటిని తెచ్చినవారికే మరల ఇచ్చివేసెను. వారు తీసికొనుటకు సిగ్గుపడిరి. తరువాత చింతచెట్టు క్రింద రెండు పెద్ద అండాలలో రాగి అంబలి, మజ్జిగ పోసి, ఎర్రగడ్డలు తరిగి వేసి. అందరికి స్టీలు లోటాలు.

మేము పంక్తిగా కూర్చుండగా ఊరి పెద్ద రైతు దారిన పోవుచు నిలిచెను. మాలో సగముమంది ఆయన కళ్లములోనే కూలి గింజలు కొలిపించుకొనినవారము. ఆ ఏడు ఆయనకు కళ్లమే లేదు. రెండు బోర్లు వేయించి రెండును ఎండిపోగా అప్పులవారి ముఖము తప్పించుకొని తిరుగుచుండెను. కంచె దగ్గర నిలిచి, "ఏం పండగరా ఇది, ఈ ఏడు?" అని అడిగెను. గేలి చేయుటకు కాదు.

మా నాయన కాలమున ఆ ఊరి టీ అంగడిలో మావారికి టెంకాయ చిప్పలో టీ పోసిరి. తరువాత మాకు వేరుగా గాజు గ్లాసులు, కడిగి మేమే బోర్లించవలెను. ఇది అక్కడ కూర్చున్న ప్రతివానికి తెలియును, ఆయనకును తెలియును. కాబట్టి ఆయనను పిలుచుటకు ఎవరికిని నోరు రాలేదు, పిలువకుండుటకును మనసు రాలేదు. కుర్రవాడొకడు, ఇంటికి పోయి క్రొత్త గ్లాసు తెత్తునని లేచెను.

అవ్వ వానిని చెయ్యి పట్టి కూర్చుండబెట్టెను. అందరివి తీసిన గంపలోనుండియే ఒక లోటా తీసి, కొంగుతో తుడిచి, అంబలి నింపి, "కుచ్చో సామీ, నిలబడుకొని తాగకూడదు" అనెను.

ఆయన తువ్వాలు భుజముమీదనుండి తీసి నేలమీద పరచుకొని, నాకును మా మేనల్లునికిని నడుమ కూర్చుండెను. లోటా ఖాళీ చేసి, ఇంకను కొంచెము పోయుమని అండా వైపు చాపెను.